మేనత్తకు రొమ్ము క్యాన్సర్, బావతో పెళ్లి మాటలు: జన్యు పరీక్ష ముందు ఎవరికి?

ప్రశ్న: నా వయసు 27. మాది గుంటూరు జిల్లా. మా మేనత్తకు 44వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. రిపోర్టులో ట్రిపుల్ నెగెటివ్ అని రాశారు. ఆరేళ్లయింది, ఇప్పుడు బాగానే ఉంది. మా నాయనమ్మ అంతకుముందే అండాశయ క్యాన్సర్‌తో పోయింది. నేను పదకొండో ఏటే పెద్దమనిషినయ్యాను. ఇప్పుడు మేనత్త కొడుకుతో నా పెళ్లి మాటలు నడుస్తున్నాయి. నాన్న వైపు జబ్బు నీకెందుకొస్తుంది అంటుంది అమ్మ. త్వరగా పెళ్లి చేసుకుని ఇద్దరు పిల్లల్ని కని పాలిస్తే ఆ భయమే ఉండదని పెద్దవాళ్లంటున్నారు. అమెరికాలో ఉన్న మా చెల్లి ఉమ్మితో చేసే కిట్ పంపిస్తానంటోంది. నేనేం చేయాలి?

సమాధానం: జన్యు పరీక్ష అవసరమైన కుటుంబమే మీది. అయితే ముందు రక్తం ఇవ్వాల్సింది మీరు కాదు, మీ మేనత్త. ఈ వరుస తప్పితే డబ్బు వృథా కావడం ఒక్కటే కాదు, లేని ధైర్యం వచ్చి కూర్చుంటుంది.

ఎందుకంటే, మీరు ముందు పరీక్ష చేయించుకుని ఏమీ లేదని వచ్చిందనుకోండి. దానికి రెండు అర్థాలున్నాయి. కుటుంబంలో ఒక జన్యు లోపం ఉండి అది మీకు రాలేదనేది ఒకటి. మీ కుటుంబంలో క్యాన్సర్‌కు కారణమైనది ఈ పరీక్షకు దొరికేది కాదనేది రెండోది. ఈ రెండింట్లో ఏది నిజమో మీ రిపోర్టు చూసి ఎవరూ చెప్పలేరు. జబ్బు వచ్చిన మనిషిలో లోపం దొరికితే ఆ తర్వాత ఇంట్లో మిగిలినవాళ్లకు అది ఒక్కటి ఉందా లేదా అని చూస్తే చాలు. అప్పుడు లేదు అని వస్తే నిజంగా లేదనే. పైగా ఒక్క లోపాన్ని వెతికే పరీక్షకు అయ్యే ఖర్చు, చాలా జన్యువులను ఒకేసారి చూసే మొత్తం ప్యానెల్ ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ.

అమ్మగారి మాట విషయానికొస్తే, అది చాలా ఇళ్లలో వినిపించేదే, కొందరు డాక్టర్లు కూడా కుటుంబ చరిత్ర అడిగేటప్పుడు తల్లి వైపే అడిగి వదిలేస్తారు. ఇక్కడ ముందుగా అనుమానించాల్సిన రెండు జన్యువులు బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2. మొదటిది 17వ క్రోమోజోమ్ మీద, రెండోది 13వ క్రోమోజోమ్ మీద ఉంటాయి. రెండూ లింగాన్ని నిర్ణయించే క్రోమోజోములు కావు. కాబట్టి తండ్రి నుంచి వచ్చే అవకాశం తల్లి నుంచి వచ్చే అవకాశంతో సమానం. మగవాళ్లకు ఈ లోపం ఉన్నా ఎక్కువమందికి ఏ జబ్బూ కనిపించదు, అందుకే వాళ్ల తరంలో అది దాక్కుని కింది తరం ఆడపిల్లల్లో బయటపడుతుంది. అలాగని మగవాళ్లు పూర్తిగా క్షేమమని కాదు: బీఆర్‌సీఏ2 లోపం ఉన్న మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్, అరుదుగా రొమ్ము క్యాన్సర్ కూడా వస్తాయి. మీ నాన్నగారి ఫలితం ఆయన ఆరోగ్యానికి కూడా పనికొస్తుంది.

ఇప్పుడు మీ లెక్క. మేనత్తలో లోపం దొరికిందనుకుంటే, మీ నాన్నగారికి ఉండే అవకాశం సగం. ఆయనకు ఉంటే మీకు వచ్చే అవకాశం అందులో సగం. అంటే ఈ రోజు మీ వరకు నాలుగింట ఒక వంతు. మీ బావకు నేరుగా తల్లి నుంచి కాబట్టి సగం. మేనత్త తర్వాత నాన్నగారు పరీక్ష చేయించుకుని ఆయనకు లేదని తేలితే, మీకూ మీ చెల్లికీ ఆ లోపం కోసం పరీక్షే అక్కర్లేదు.

మేనత్తను ఎలా అడగాలన్నది మీకు ఇబ్బందిగానే ఉంటుంది. మీకోసం అని అడగొద్దు. ఈ పరీక్ష ముందుగా ఆమెకే అవసరం. ట్రిపుల్ నెగెటివ్ అంటే క్యాన్సర్ కణాల్లో ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ గ్రాహకాలు, ఎక్కువ మోతాదులో హెర్2 అనే ప్రోటీన్, ఈ మూడూ లేని రకం. అది ఏ వయసులో వచ్చినా బీఆర్‌సీఏ పరీక్ష సూచించాలి. దానికి తోడు ఆమె తల్లికి అండాశయ క్యాన్సర్ కూడా వచ్చింది. బీఆర్‌సీఏ1 లోపం ఉన్నవాళ్లలో ఒక రొమ్ముకు క్యాన్సర్ వచ్చాక 20 ఏళ్లలో రెండో రొమ్ముకు వచ్చే అవకాశం సుమారు 40 శాతం, బీఆర్‌సీఏ2లో 26 శాతం. అండాశయాల ముప్పు వేరే. ఆమెకు 50 ఏళ్లు. లోపం ఉందని ముందే తేలి ఉంటే అండాశయాలు, ఫెలోపియన్ ట్యూబులు తీయించుకోవడం గురించి ఆమె డాక్టరు ఈపాటికే మాట్లాడి ఉండాల్సింది. ఆ కోణంలో మాట్లాడండి. ఆమె ఒప్పుకోకపోతే బలవంతం వద్దు. అప్పుడు నాన్నగారితో మొదలుపెట్టవచ్చు, కాకపోతే ఆయన రిపోర్టులో లేదని వచ్చినా పైన చెప్పిన రెండర్థాల చిక్కు అలాగే మిగులుతుంది.

పరీక్షకు ముందు జెనెటిక్ కౌన్సెలర్‌ను గానీ మెడికల్ జెనెటిక్స్ డాక్టరును గానీ కలవాలి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లోనూ ఈ సేవ దొరుకుతోంది. వెళ్లేటప్పుడు మేనత్త బయాప్సీ రిపోర్టు, అందులో ఈఆర్, పీఆర్, హెర్2 ఫలితాలున్న కాగితం తప్పకుండా ఉండాలి. నాయనమ్మ ఆసుపత్రి కాగితాలు ఏవి దొరికినా పట్టుకెళ్లండి. మన ఇళ్లలో కడుపులో నీరు చేరి పోయింది అని చెప్పే మరణాల్లో కొన్ని అండాశయ క్యాన్సర్లే, కొన్ని కాలేయ జబ్బులు. కాగితం ఉంటే ఊహించుకోనక్కర్లేదు. ఒక తెల్లకాగితం మీద మూడు తరాల వంశవృక్షం గీయండి. తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ, వాళ్ల తోబుట్టువులు, మీ నాన్నగారి తోబుట్టువులు, వాళ్ల పిల్లలు. ఎవరికి ఏ క్యాన్సర్, ఏ వయసులో అన్నది ముఖ్యం. అమ్మ వైపు కూడా రాయండి, అక్కడ ఎవరికైనా చిన్న వయసులో వచ్చి ఉంటే కథ మారుతుంది.

పరీక్ష అంటే ఊదా మూత గొట్టంలో కొన్ని మిల్లీలీటర్ల రక్తం. ఫలితం రావడానికి సాధారణంగా మూడు నాలుగు వారాలు. మేనత్తకు బీఆర్‌సీఏ1, 2తో పాటు పీఏఎల్‌బీ2, టీపీ53, ఏటీఎం, చెక్2 వంటి జన్యువులు ఉన్న ప్యానెల్ రాయించండి. ఇంకో మాట గట్టిగా అడగాలి: జన్యువులో పెద్ద ముక్కే ఎగిరిపోయి ఉంటే, లేదా ఒక ముక్క రెండుసార్లు ఉంటే, జన్యువును అక్షరం అక్షరంగా చదివే మామూలు సీక్వెన్సింగ్‌లో కొన్నిసార్లు అది కనబడదు. దానికి ఎంఎల్‌పీఏ అనే పరీక్ష గానీ, సీక్వెన్సింగ్ డేటాలోనే ఆ విశ్లేషణ గానీ చేయాలి. రిపోర్టులో డిలీషన్, డూప్లికేషన్ చూశామన్న వాక్యం లేకపోతే పరీక్ష సగమే అయినట్టు.

రిపోర్టులో ఫలితం ఐదు రకాల్లో ఒకటిగా ఉంటుంది. పాథోజెనిక్ లేదా లైక్లీ పాథోజెనిక్ అంటే హాని చేసే మార్పు, దాన్నిబట్టే నిర్ణయాలు. బినైన్, లైక్లీ బినైన్ అంటే పట్టించుకోనక్కర్లేదు. మధ్యలో ఉండే వీయూఎస్ దగ్గరే మనవాళ్లు ఎక్కువ పొరపాటు పడతారు. అంటే అర్థం తేలని మార్పు. ప్రపంచ డేటాలో ఎక్కువ భాగం యూరోపియన్ మూలాలున్నవాళ్లది కావడంతో మనవాళ్ల రిపోర్టుల్లో వీయూఎస్‌లు ఎక్కువగా కనిపిస్తాయి. వీటిలో చాలావరకు తర్వాత హానిలేనివని తేలతాయి. దీన్ని చూసి ఆపరేషన్లకు వెళ్లొద్దు, ఇంట్లో మిగిలినవాళ్లకు అదే మార్పు కోసం ముందుజాగ్రత్త పరీక్షలూ చేయించొద్దు. ఏడాది రెండేళ్లకోసారి ఆ మార్పు వర్గం మారిందేమో ల్యాబును అడగండి.

రొమ్ము క్యాన్సర్ ముప్పును కొద్దికొద్దిగా మార్చే సాధారణ జన్యు తేడాలు కూడా ఉన్నాయి. 2007లో ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 జన్యువు దగ్గర అలాంటి తేడా దొరికినప్పటి నుంచి వందల్లో బయటపడ్డాయి. ఒక్కొక్కదాని ప్రభావం చాలా చిన్నది. వీటన్నిటినీ కూడి స్కోరు ఇచ్చే పరీక్షలు అమ్ముతున్నారు. ఆ స్కోర్లు ప్రధానంగా యూరోపియన్ మూలాలవాళ్ల డేటాతో తయారైనవి కాబట్టి మీ నిర్ణయాలకు వాటిని ఆధారం చేసుకోవద్దనే చెబుతాను.

లోపం మీకూ ఉందని తేలితే ఆ ముప్పు ఎంత అన్నది తెలియాలి. మన దేశంలో ఒక స్త్రీకి 75 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం దాదాపు ముప్ఫై మందిలో ఒకరికి. బీఆర్‌సీఏ కుటుంబాలను ఏళ్లతరబడి గమనించి 2017లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో బీఆర్‌సీఏ1 లోపం ఉన్నవాళ్లకు రొమ్ము క్యాన్సర్ ముప్పు 40 ఏళ్లు వచ్చేసరికి 24 శాతం, 50కి 43 శాతం, 80కి 72 శాతం అని తేలింది. బీఆర్‌సీఏ2కి 40 ఏళ్లకు 13, 50కి 35, 80కి 69 శాతం. అండాశయ క్యాన్సర్ 80 ఏళ్లకు బీఆర్‌సీఏ1లో 44 శాతం, బీఆర్‌సీఏ2లో 17 శాతం. 30 ఏళ్లలోపు రొమ్ము ముప్పు రెండింటిలోనూ 4 శాతమే. అంటే ఈ నెలలోనే ఏదో ముంచుకొస్తుందని కాదు, చక్కగా ఆలోచించుకునే సమయం మీకుంది.

ఇక పెద్దవాళ్లు చెప్పే పిల్లల సంగతి. అందులో నిజం ఉంది, కానీ అది మీకు అతికే నిజం కాదు. ముప్ఫై దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలను కలిపి 2002లో చేసిన లెక్క ప్రకారం, ఒక్కో కాన్పుకు రొమ్ము క్యాన్సర్ ముప్పు 7 శాతం, తల్లిపాలు ఇచ్చిన ప్రతి 12 నెలలకు మరో 4.3 శాతం తగ్గుతుంది. ఈ శాతాలు ఉన్న ముప్పులో తగ్గే భాగం. ముప్ఫైలో ఒకటిగా ఉన్నదానిలోంచి 7 శాతం పోయిందంటే తేడా చాలా చిన్నది. మీరు పదకొండో ఏట రజస్వల కావడం కూడా ఇలాంటిదే. ఏడాది ముందు అయితే ముప్పు సుమారు 5 శాతం పెరుగుతుంది, పదమూడో ఏట అయినవాళ్లతో పోల్చితే మీకు పదో వంతు ఎక్కువ, అదీ చిన్న మొత్తం మీద. దాని గురించి బెంగ పెట్టుకోకండి, చేయగలిగిందీ ఏమీ లేదు.

పెద్దవాళ్లకు తెలియని సంగతి ఇంకొకటుంది. కాన్పు రక్షణ వెంటనే రాదు. కాన్పు తర్వాత కొన్నేళ్లు ముప్పు పెరుగుతుంది. 2019లో 15 అధ్యయనాలను కలిపి చూస్తే, బిడ్డ పుట్టిన ఐదేళ్ల ప్రాంతంలో, అసలు కాన్పు కానివాళ్లతో పోల్చితే ముప్పు 1.8 రెట్లు ఉంది, అది పూర్తిగా తిరగబడి రక్షణగా మారడానికి 20 ఏళ్లు దాటింది. పాలిచ్చినా ఈ తాత్కాలిక పెరుగుదల మారలేదు. గర్భంలో రొమ్ము కణాలు వేగంగా పెరిగి, పాలు మానాక ఆ కణజాలం కుంచించుకునేటప్పుడు గాయం మానేటప్పటిలాంటి మార్పులు జరగడం ఇందుకు ఒక కారణమని భావిస్తున్నారు. రెట్లు విని భయపడకండి. ఆ వయసులో క్యాన్సరే అరుదు కాబట్టి, 41 నుంచి 45 ఏళ్ల మధ్య, మూడు నుంచి ఏడేళ్ల కిందట బిడ్డను కన్నవాళ్లలో అదనంగా వచ్చినవి లక్షమందికి 41 మాత్రమే.

మరి బీఆర్‌సీఏ లోపం ఉంటే? పిల్లల సంఖ్య రక్షణ ఇస్తుందన్నది ఇక్కడ నికరంగా కనిపించలేదు. తల్లిపాల విషయంలో బీఆర్‌సీఏ1 ఉన్నవాళ్లు మొత్తం మీద ఏడాది పైగా పాలిస్తే ముప్పులో సుమారు మూడో వంతు తగ్గినట్టు కనిపించింది, బీఆర్‌సీఏ2లో ఆ ప్రభావం కనిపించలేదు. మూడో వంతు తగ్గినా మిగిలే ముప్పు ఇంకా చాలా ఎక్కువే. కాబట్టి పాలివ్వండి, బిడ్డకూ మీకూ మంచిదే, కానీ దాన్ని చూసి, లోపం ఉన్నవాళ్లు ఏటా చేయించుకోవాల్సిన రొమ్ము ఎంఆర్ఐ మానేయొద్దు. పిల్లల్ని కనడాన్ని క్యాన్సర్ టీకాలా చూపించి పెళ్లికి తొందరపెట్టడం తప్పు, ఆ మాట ఇంట్లో నిర్మొహమాటంగా చెప్పండి.

లోపం ఉన్నవాళ్లు కాన్పుల గురించి ముందే ఆలోచించుకోవడానికి అసలు కారణం వేరు. అండాశయ క్యాన్సర్‌ను తొలిదశలో పట్టే నమ్మకమైన పరీక్ష లేదు. అందుకని బీఆర్‌సీఏ1 ఉంటే 35 నుంచి 40 ఏళ్ల మధ్య, బీఆర్‌సీఏ2 ఉంటే 40 నుంచి 45 మధ్య, పిల్లలు చాలనుకున్నాక అండాశయాలు, ట్యూబులు తీయించుకోమని సూచిస్తారు. 27 ఏళ్ల మీకు దీనికోసం పరుగెత్తాల్సిన పనిలేదు.

బావతో పెళ్లి సంగతి మీరు మధ్యలో ముట్టుకుని వదిలేశారు గానీ, నా దృష్టిలో అదే అన్నిటికంటే ముందు తేల్చాల్సింది. ఈ జన్యువులు మనలో రెండేసి కాపీలుగా ఉంటాయి. ఒక కాపీలో లోపం ఉంటే పెద్దయ్యాక క్యాన్సర్ ముప్పు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీల్లోనూ లోపం ఉంటే అది వేరే జబ్బు. బీఆర్‌సీఏ2, పీఏఎల్‌బీ2 విషయంలో దాన్ని ఫాంకొని ఎనీమియా అంటారు. పసితనంలోనే ఎముక మజ్జ పనిచేయకపోవడం, రక్తక్యాన్సర్, మెదడులో కంతి, మూత్రపిండంలో విల్మ్స్ కంతి వచ్చే తీవ్రమైన జబ్బు. బీఆర్‌సీఏ1లో రెండు కాపీలూ చెడితే సాధారణంగా గర్భం నిలవదు. బయటి సంబంధంలో ఇద్దరికీ ఇలాంటి లోపం ఉండటం చాలా అరుదు. మేనరికంలో మాత్రం ఒకే నాయనమ్మ దగ్గర నుంచి ఇద్దరికీ అదే లోపం వచ్చే దారి ఉంది. మేనత్తకు లోపం ఉందనుకుని లెక్క వేస్తే, బావకు సగం, మీకు పావు, ఇద్దరికీ ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకు రెండు కాపీలూ చేరే అవకాశం నాలుగింట ఒకటి. కలిపితే ముప్ఫై రెండింట ఒకటి. మీ ఇద్దరిలో ఒక్కరికి లేదని తేలినా ఈ లోపం వరకు ఆ చిక్కు పూర్తిగా పోతుంది.

అందుకే మేనత్త ఫలితం నిశ్చయ తాంబూలాలకు ముందే వస్తే మంచిది. ఇద్దరికీ ఉందని తేలినంత మాత్రాన పెళ్లి కుదరదని ఏ డాక్టరూ చెప్పరు. ఐవీఎఫ్ ద్వారా పిండాలను పరీక్షించి ఎంచుకునే పద్ధతి ఉంది, లేదా గర్భం 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి నమూనా తీసి చూడవచ్చు. రెండూ గర్భస్థ పరీక్షలను నియంత్రించే పీసీపీఎన్‌డీటీ చట్టం కింద నమోదైన కేంద్రాల్లోనే చేస్తారు. ఖర్చు, మనసు నలగడం రెండూ ఉంటాయి. తెలిసి నిర్ణయించుకోవడం మీ ఇద్దరి హక్కు. రిపోర్టును ఊళ్లో చుట్టాలందరికీ చూపాల్సిన పనిలేదు. రక్తసంబంధీకుల్లో ఎవరికి ఉపయోగమో వాళ్లకు చెబితే చాలు. మేనత్త వల్లే ఇదంతా అన్న మాట ఎవరి నోటి వెంటా రానివ్వకండి, ఆమెకూ అది ఎవరి దగ్గర నుంచో వచ్చిందే.

మీ చెల్లి పంపిస్తానన్న కిట్ వద్దు. అమెరికాలో నేరుగా వినియోగదారులకు అమ్మే అలాంటి ఒక పరీక్షకు 2018లో అనుమతి ఇచ్చినప్పుడు అది చూసింది తూర్పు, మధ్య ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో ఎక్కువగా కనిపించే మూడు మార్పులనే. తర్వాత సంఖ్య పెంచినా, ఈ జన్యువుల్లో హాని చేసే మార్పులు వేలల్లో ఉన్నాయి. అందులో ఏమీ లేదని రావడం మీ కుటుంబానికి ఏ సమాధానమూ కాదు. మేనత్త ఫలితం, ఆ తర్వాత నాన్నగారి ఫలితం వచ్చాక, అవసరమైతే మీ చెల్లి అక్కడి డాక్టరు ద్వారా ఆ ఒక్క మార్పుకే పరీక్ష చేయించుకోవచ్చు. అక్కడ జన్యు సమాచారాన్ని బట్టి వివక్ష చూపడాన్ని అడ్డుకునే 2008 నాటి జినా చట్టం ఆరోగ్య బీమా, ఉద్యోగాల విషయంలో రక్షణ ఇస్తుంది, జీవిత బీమాకు ఇవ్వదు. జీవిత బీమా తీసుకునే ఆలోచన ఉంటే అది ముందు చూసుకోమనండి.

మీకు లోపం ఉందని తేలితే 25 నుంచి 29 ఏళ్ల మధ్య ఏటా రొమ్ము ఎంఆర్ఐ, ఆరు నెలల నుంచి ఏడాదికోసారి డాక్టరు చేతి పరీక్ష. 30 నిండాక మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా కలుస్తుంది. రెండింటినీ ఆరు నెలల తేడాతో పెట్టుకుంటారు చాలామంది. ఎంఆర్ఐని నెలసరి మొదలైన ఏడో రోజు నుంచి పదిహేనో రోజు లోపు చేయించాలి. మిగతా రోజుల్లో హార్మోన్ల వల్ల మామూలు కణజాలమే మెరిసి, లేనిపోని బయాప్సీలకు దారి తీస్తుంది. ఈ వయసులో రొమ్ము చిక్కగా ఉంటుంది కాబట్టి మామోగ్రామ్ ఒక్కటే చాలదు. గర్భం సమయంలో కాంట్రాస్టు మందు ఎక్కించి చేసే ఎంఆర్ఐ వాయిదా వేస్తారు. అందువల్ల గర్భం కోసం ప్రయత్నించే ముందే ఆ ఏడాది స్కాన్ పూర్తి చేసుకోండి. మేనత్తలో ఏ లోపమూ దొరకకపోతే మీకు ఇవేవీ ఇప్పుడు అక్కర్లేదు. కుటుంబ చరిత్రను బట్టి స్క్రీనింగ్ ఏ వయసులో మొదలుపెట్టాలో కౌన్సెలర్ లెక్కగట్టి చెబుతారు.

ఫలితం ఎలా వచ్చినా, రేపు బిడ్డకు పాలిచ్చే రోజుల్లో ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. అప్పుడు గడ్డ తగిలితే పాలగడ్డ అని వేడి కాపడం పెడుతూ నెలలు గడిపేయడం వల్లే ఈ వయసు తల్లుల్లో క్యాన్సర్ ఆలస్యంగా బయటపడుతుంది. పాలు పూర్తిగా తీసేశాక కూడా తగ్గని గడ్డ రెండు వారాలకు మించి ఉంటే అల్ట్రాసౌండ్ చేయించండి. అనుమానంగా ఉంటే సూది బయాప్సీ చేస్తారు, దానికి పాలు మాన్పించనక్కర్లేదు. స్కాన్‌కు వెళ్లే ముందు బిడ్డకు పాలిచ్చి గానీ పిండేసి గానీ రొమ్ము ఖాళీ చేసుకుని వెళ్లండి, చిత్రం స్పష్టంగా వస్తుంది. కుటుంబంలో మేనత్తకు, నాయనమ్మకు ఉందన్న సంగతి ఆ రోజు డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.